విశాఖలో ఉంటూ ప్లాటినం నాణేలు కొనొచ్చా? అమ్మేటప్పుడు ఎవరు తీసుకుంటారు?

కెనడా మేపుల్ లీఫ్, అమెరికా ఈగిల్ లాంటి దేశ చిహ్నాలున్న ఒక ఔన్స్ ప్లాటినం నాణేలు కొందామనుకుంటున్నారు. అసలో నకిలీయో ఇంట్లో ఎలా చూసుకోవాలి, అవసరం పడితే కురుపాం మార్కెట్‌లో బంగారంలా అమ్ముకోవచ్చా అని అడిగారు. రెండోదానికే ముందు చెబుతాను, డబ్బు పోయేది అక్కడే కాబట్టి.

బంగారంలా అమ్ముడుపోదండీ. బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఏ కంసాలి కొలిమైనా చాలు. ప్లాటినం కరగాలంటే 1,768 డిగ్రీలు కావాలి. బంగారానికి వాడే గ్రాఫైట్ మూసలో కరిగిస్తే కార్బన్ పీల్చుకుని పెళుసుబారుతుంది. కాబట్టి మామూలు నగల కొట్టువాడు మీ నాణెం తీసుకున్నా తాను కరిగించలేడు, మరొకరికి పంపాలి. ఆ ఖర్చూ, ఆ భయమూ కలిపి ధర కోస్తాడు. కొనే ముందే కనీసం ఇద్దరు వ్యాపారుల దగ్గర ‘ఈ నాణెం ఇవాళ తెస్తే ఎంతకు తీసుకుంటారు’ అని అడగండి. తాము అమ్మినది తామే వెనక్కి తీసుకుంటామనేవాళ్ళుంటే, ఏ రోజు ధర మీద ఎంత శాతం తగ్గిస్తారో బిల్లు మీదే రాయించుకోండి. నోటిమాట పనికిరాదు.

లెక్క ఇలా వేసుకోండి. లోహం ధర లక్ష అనుకుందాం. దాని మీద 8 శాతం ప్రీమియం (లోహం ధరకు మించి వ్యాపారి వేసుకునే అదనం), ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ కలిపితే మీకు పడేది 1,11,240 రూపాయలు. అదే రోజు 5 శాతం తరుగుతో అమ్మితే చేతికొచ్చేది 95,000. అంటే ధర 17 శాతం పెరిగితేగాని పెట్టుబడి తిరిగి రాదు. ప్రీమియం, తరుగు నేను ఉదాహరణకు వేసినవి, వ్యాపారి మీకు చెప్పిన అంకెలు పెట్టి చూడండి. పావు ఔన్స్, పదో వంతు ఔన్స్ నాణేల మీద ప్రీమియం శాతం ఇంకా ఎక్కువ ఉంటుంది. చిన్నవి కొంటే సులువుగా అమ్ముకోవచ్చనే మాట బంగారానికి సరే, దీనికి కుదరదు.

ఇక పరీక్ష. ఇక్కడ మాత్రం ప్లాటినం మీ పక్షానే ఉంది. దాని సాంద్రత 21.45 (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో). బంగారం నకిలీలలో నింపే టంగ్‌స్టన్ సాంద్రత 19.25, అంటే దాదాపు బంగారం అంతే. కానీ ప్లాటినం కంటే బరువైన చవక లోహం లేదు. అందుకే నకిలీ నాణెం బరువు సరిపోతే కొలతల్లో పెద్దదవుతుంది, కొలతలు సరిపోతే బరువు తగ్గుతుంది. ఒక ఔన్స్ మేపుల్ లీఫ్ 31.1 గ్రాములు (నాలుగు కాసులకు కొంచెం తక్కువ), వ్యాసం 30 మిల్లీమీటర్లు.

0.01 గ్రాము వరకు చూపే కాటా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలో ముంచి పట్టుకోండి. కాటా 1.45 గ్రాములు చూపాలి. టంగ్‌స్టన్ అయితే 1.62 దగ్గర, వెండి అయితే 2.96 దగ్గర వస్తుంది. అసలు నాణేనికి కూడా 1.50 పైన చూపిందంటే ఎక్కువసార్లు కారణం అంచుకు పట్టిన గాలి బుడగలే. తీసి, తడిపి, మళ్ళీ ముంచండి. నూలు దారం నీళ్ళు పీల్చి లెక్క చెడగొడుతుంది. నగల దుకాణంలోని క్యారెట్ మీటర్ (లోహం స్వచ్ఛత చూపే యంత్రం) పైపొర మాత్రమే చదువుతుంది, పైగా దాన్ని ప్లాటినం మోడ్‌లో పెట్టారో లేదో అడగాలి. బరువు, కొలత, నీళ్ళ పరీక్ష, ఆ తర్వాతే మీటర్.

మేపుల్ లీఫ్, ఈగిల్, బ్రిటన్ వారి బ్రిటానియా మూడూ 99.95 శాతం ప్లాటినమే. వాటి మీద ముద్రించిన 50 కెనడా డాలర్లు, 100 డాలర్లు, 100 పౌండ్లు అసలు విలువకు దరిదాపుల్లో ఉండవు, పట్టించుకోకండి. అశోక చక్రంతో 2015 నవంబరులో మన ప్రభుత్వం తెచ్చినది బంగారు నాణెం, ప్లాటినం కాదు. నాలుగు సింహాల చిహ్నంతో ప్రైవేటు ప్లాటినం నాణెం ఎవరైనా చూపిస్తే కొనకండి. ఆ చిహ్నాన్ని అనుమతి లేకుండా వాడటాన్ని 2005 నాటి చట్టం నిషేధించింది.

ధర ఊగిసలాట కూడా తెలిసి దిగండి. 2008లో ఔన్స్ 2,200 డాలర్లు దాటి, అదే ఏడాది చివరికి 800 దగ్గరకు పడింది. దీనికి పెద్ద గిరాకీ వాహనాల పొగ శుద్ధి చేసే కన్వర్టర్ల నుంచి, గనుల్లో అధిక భాగం దక్షిణాఫ్రికాలో. కార్ల అమ్మకాలు, అక్కడి కరెంటు కోతలు రెండూ మీ నాణెం మీద పడతాయి. నా ఉద్దేశంలో, బంగారం కొనాల్సిన డబ్బు ఇందులో పెట్టకూడదు. ఐదేళ్ళు ముట్టుకోనక్కర్లేని చిన్న భాగమైతే సరే.

మన సముద్రపు గాలికి వెండి నల్లబడుతుంది, ప్లాటినం నల్లబడదు. సర్టిఫికెట్ కార్డుకు మాత్రం వానాకాలంలో బూజు పడుతుంది, సిలికా జెల్ పొట్లం వేయండి. పీవీసీ కవర్లు వద్దు, గట్టి క్యాప్సూల్ వాడండి. బ్యాంకు లాకరైతే 2022 నుంచి దొంగతనానికీ అగ్నిప్రమాదానికీ బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. హుద్‌హుద్ లాంటి తుపానుకు బ్యాంకు తప్పిదం లేకపోతే అదీ ఉండదు, విడిగా బీమా చూసుకోండి.

కొనుగోలు 2 లక్షలు దాటితే పాన్ ఇవ్వాలి, అంత మొత్తం నగదుగా కుదరదు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం 24 నెలలు దాటి అమ్మితే లాభం మీద 12.5 శాతం, ముందే అమ్మితే మీ స్లాబు పన్ను. కొన్న ధర చూపే బిల్లు ఉండాలి కాబట్టి ఫొటో తీసి, అసలు బిల్లును నాణెంతో కాకుండా వేరే చోట ఉంచండి.