సింధూ, నాణేలు కొనడం తర్వాత, ముందు కాయిన్ క్లబ్బులో కూర్చో

అమ్మా సింధూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను, మీ పిల్లాడు చింటూ అరచేతిలో 1943 నాటి అమెరికా సెంటు నాణెం, కింద "మావయ్యా ఇది కోట్లలో పోతుందట నిజమేనా" అని నీ మెసేజి. ముందు మీ ఫ్రిజ్ మీద ఉన్న మాగ్నెట్ ఒకటి తీసి దానికి తగిలించి చూడు. ఠక్కున అతుక్కుంటే అది మామూలు స్టీలు సెంటు. యుద్ధానికి రాగి కావాల్సొచ్చి ఆ ఒక్క ఏడు స్టీలు మీద జింకు పూత పూసి వంద కోట్లకి పైగా కొట్టారు, అరిగినవైతే ఏ కాయిన్ షాపులోనైనా చిల్లర డబ్బాలో దొరుకుతాయి. చింటూ మొహం చిన్నబోతుందని తెలుసు, కానీ వాడికి ఆ మాగ్నెట్ పరీక్ష నువ్వే దగ్గరుండి చేయించు, ఈ హాబీలో మొదటి పాఠం అదే.

నువ్వు విన్న కోట్ల కథ రాగివాటి గురించి. 1942లో మిగిలిపోయిన రాగి బిళ్ళలు కొన్ని పొరపాటున 1943 అచ్చుల కింద పడ్డాయి. మసాచుసెట్స్‌లో పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో డాన్ లూట్స్ అని పదహారేళ్ళ కుర్రాడికి 1947లో స్కూలు కెఫెటేరియా చిల్లరలో అలాంటిది ఒకటి వచ్చింది. అప్పట్లో హెన్రీ ఫోర్డ్ ఆ సెంటు తెచ్చినవాళ్ళకి కొత్త కారు ఇస్తాడని దేశమంతా పుకారు, ఈ అబ్బాయి కంపెనీనే అడిగితే అలాంటిదేం లేదన్నారు, ట్రెజరీ వాళ్ళనడిగితే అసలు ఆ ఏడు రాగి సెంట్లే కొట్టలేదు పొమ్మన్నారు. ఆయన ఏం చేశాడు, నోరు మూసుకుని దాచుకున్నాడు, ఏళ్ళ తరబడి. ఆయన పోయాక 2019లో వేలంలో 204,000 డాలర్లు పలికింది. చూశావా, ఫోర్డ్ కారు కథ అబద్ధం, ట్రెజరీ వాళ్ళ మాటా తప్పే, నిలబడింది నాణెం ఒక్కటే.

ఇంకోటి, రాగి రంగులో ఉన్న 1943 కనపడగానే ఎగిరి గంతెయ్యొద్దు. స్టీలు దాని మీద రాగి పూత పూసి అమ్ముతారు, అది మాగ్నెట్‌కి దొరికిపోతుంది. 1948 సెంటులో 8ని గీకి 3 చేస్తారు, అది మాగ్నెట్‌కి దొరకదు, కాబట్టి భూతద్దం పెట్టి చూడాలి, అసలు 1943లో 3 తోక పొడుగ్గా కిందికి దిగి ఉంటుంది, గీకిన దాంట్లో పొట్టిగా మొండిగా ఉంటుంది. ఇది నేను మాటల్లో చెప్తే నీకు సగమే ఎక్కుతుంది, అసలుదీ నకిలీదీ పక్కపక్కన పెట్టి ఎవరైనా చూపిస్తే ఒక్క నిమిషంలో జన్మలో మర్చిపోవు. అందుకే నిన్ను క్లబ్బుకి వెళ్ళమంటున్నా.

మీ ఊళ్ళో కాయిన్ క్లబ్ లేకుండా ఉండదు, అమెరికాలో ఓ మాదిరి టౌనుకి కూడా ఒకటుంటుంది. లైబ్రరీ మీటింగ్ రూములోనో చర్చి హాల్లోనో నెలకోసారి సాయంత్రం కలుస్తారు, చందా మీ ఇంట్లో ఒక పిజ్జా ఖర్చంత ఉంటుంది. లోపలికెళ్తే అంతా నా వయసు తెల్లజుట్టు వాళ్ళే కనిపిస్తారు, బెదరకు. పిల్లాడిని తీసుకొచ్చిన వాళ్ళంటే వాళ్ళకి పండగే, ఎందుకంటే కొత్త తరం రావట్లేదని వాళ్ళందరికీ దిగులు, చింటూకి మొదటి రోజే ఎవరో ఒకరు పాత బఫెలో నికెలో (అడవిదున్న బొమ్మ ఉన్న ఐదు సెంట్ల నాణెం) వీట్ పెన్నీయో (గోధుమ కంకుల బొమ్మ ఉన్న సెంటు) చేతిలో పెడతారు, ఫ్రీగా. తీసుకోనివ్వు, మొహమాటపడకు. థాంక్యూ మాత్రం వాడితోనే చెప్పించు.

అక్కడ పద్ధతులు కొన్ని ఉన్నాయి, ఎవరూ బోర్డు మీద రాసిపెట్టరు. ఎవరైనా నాణెం ఇస్తే అంచులు పట్టుకోవాలి, మొహం మీద వేలు పెట్టకూడదు, కింద మెత్తటి గుడ్డ ఉన్నచోటే చూడాలి, దాని మీదకి వంగి మాట్లాడకూడదు, తుంపర పడితే మచ్చ పడుతుంది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి నేరుగా అందించరు, బల్ల మీద పెడితే రెండోవాళ్ళు తీసుకుంటారు, కింద పడితే ఎవరి తప్పనే గొడవ రాకుండా. మీటింగ్ చివర చిన్న వేలంపాట ఉంటుంది, మెంబర్లు తెచ్చినవే అమ్ముతారు, మొదట్లో చెయ్యెత్తకుండా ఊరికే చూడు, ఏది ఎంతకి ఆగుతుందో ఒక నోటుబుక్కులో రాసుకోమని చింటూకి చెప్పు. యూట్యూబ్‌లో చెప్పే ధరకీ అక్కడ నిజంగా చేతులు మారే ధరకీ ఎంత తేడానో వాడికే అర్థమవుతుంది.

మీ చిల్లరలో కోట్లున్నాయని ఊరించే ఈ యూట్యూబ్ వ్యవహారం కొత్తదేం కాదు తల్లీ. టెక్సాస్ ఫోర్ట్‌వర్త్‌లో మాక్స్ మెల్ అని నాణేల వ్యాపారి ఉండేవాడు, 1913 నాటి లిబర్టీ (స్వేచ్ఛాదేవి బొమ్మ) నికెల్ తెస్తే 50 డాలర్లు ఇస్తానని ఏళ్ళ తరబడి దేశమంతా ప్రకటనలు వేశాడు, జనం రోజూ చిల్లర వెతుక్కోవడమే పని. ఆ నికెళ్ళు ఉన్నవి మొత్తం ఐదు, ఐదూ ఎప్పుడో సేకర్తల దగ్గరికి చేరిపోయాయి, ఎవరి జేబులోనూ దొరికే వస్తువు కాదు. ఆయనకి కావల్సింది నికెల్ కాదు, ఆ ప్రకటన చూసి జనం ఆయన ధరల పుస్తకం కొనడం. ఇవాళ వ్యూస్, అప్పుడు పుస్తకం, అంతే తేడా.

ఆ నికెల్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తా, క్లబ్బులో ఎవరిని కదిపినా ఈ కథ చెప్తారు. 1913లో మింటు, అంటే నాణేలు కొట్టే టంకశాల, లిబర్టీ బొమ్మ తీసేసి బఫెలో బొమ్మ వేసింది, లెక్క ప్రకారం ఆ ఏడు లిబర్టీవి ఒక్కటి కూడా ఉండకూడదు. ఫిలడెల్ఫియా మింటులో పనిచేసి మానేసిన శామ్యూల్ బ్రౌన్ అనే ఆయన 1919 చివర్లో అలాంటివి ఉంటే 500 డాలర్లకి కొంటానని నాణేల పత్రికలో ప్రకటన ఇచ్చాడు, మరుసటి ఏడు 1920లో షికాగోలో నాణేల సేకర్తల సదస్సుకి తనే పట్టుకొచ్చి చూపించాడు. ప్రకటన వేసిందే వాటికి ఒక పుట్టుక కథ అల్లడానికని చాలామంది నమ్మకం, నాకూ అలాగే అనిపిస్తుంది. అందులో ఒకటి జార్జ్ వాల్టన్ దగ్గర ఉండేది, ఆయన 1962లో కారు యాక్సిడెంట్‌లో పోయాడు. నిపుణులు దాన్ని చూసి తేదీ మార్చిన నకిలీ అని తేల్చి ఇంటివాళ్ళకి తిరిగిచ్చేశారు. ఆయన సోదరి పారెయ్యకుండా అల్మరాలో పెట్టింది, నలభై ఏళ్ళు అక్కడే పడుంది. 2003లో బాల్టిమోర్ సదస్సుకి మిగతా నాలుగూ వస్తున్నాయని తెలిసి వారసులు దాన్ని తీసుకెళ్తే, ఐదూ పక్కపక్కన పెట్టి ఆరుగురు కళ్ళు చించుకుని చూసి, ఇది అసలుదే అన్నారు. 2013లో 31 లక్షల డాలర్ల పైన పలికింది. ఒంటరిగా చూసినప్పుడు నకిలీ అన్నదే నాలుగింటి పక్కన పెట్టగానే అసలుదని తేలింది.

ఇక నీకు గట్టిగా చెప్పాల్సింది, నాణేలు కడగొద్దు. మన ఇళ్ళల్లో వెండి నల్లబడితే విభూది, ఇత్తడికి చింతపండు, చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది, మీ అత్తగారు వస్తే నాణేల డబ్బా ఆవిడకి కనపడనివ్వకు. నాణెం మీద ఆ నలుపు దాని వయసు, తోమితే పైన సన్నటి గీతలు పడతాయి, భూతద్దంలో జుట్టు దువ్వినట్టు కనిపిస్తాయి, తర్వాత ఎవరూ సరైన ధర ఇవ్వరు. మెత్తగా వాసనొచ్చే పీవీసీ కవర్లలో కూడా పెట్టొద్దు, కొన్నాళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది. అట్టతో చేసిన రెండంగుళాల ఫ్లిప్పులు (నాణెం పెట్టుకునే మడత కవర్లు) దొరుకుతాయి, చవక, అవి చాలు.

చింటూకి డబ్బు పెట్టి కొనివ్వకు, బ్యాంకు నుంచి క్వార్టర్ల (పాతిక సెంట్ల నాణేల) రోల్సు, అంటే చుట్టి కట్టిన కట్టలు, తెచ్చివ్వు, వెతుక్కుని మిగతావి మళ్ళీ బ్యాంకులో వేసెయ్యొచ్చు, పైసా నష్టం లేదు. 1964 దాకా డైములూ (పది సెంట్లవి) క్వార్టర్లూ హాఫ్ డాలర్లూ 90 శాతం వెండి, రోలు విప్పి అంచులు చూస్తే తర్వాతి వాటికుండే రాగి గీత లేకుండా తెల్లగా ఒకటి కనిపిస్తుందే, అది. 2019, 2020 క్వార్టర్లలో డబ్ల్యు అక్షరం ఉన్నవి వెస్ట్ పాయింట్ మింటులో కొట్టి కావాలనే చిల్లరలో కలిపేశారు, ఒక్కో డిజైనుకి ఇరవై లక్షలే. పెన్నీలు కూడా పక్కన పెట్టమను, 2025 నవంబర్‌లో చిల్లర కోసం కొట్టడం ఆపేశారు. అయితే ఆఖరి పెన్నీ అని గాజు పెట్టెలో పెట్టి ఎవడైనా అమ్మబోతే మాత్రం నవ్వి ఊరుకోండి.

పెద్ద నాణెం కొనే రోజు వస్తే గ్రేడింగ్ కంపెనీ స్లాబ్‌లో (నాణేనికి మార్కు వేసి సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టె) ఉన్నదే కొను, స్లాబ్‌లు కూడా నకిలీ చేస్తున్నారు కాబట్టి నంబరు వాళ్ళ సైట్‌లో కొట్టి ఫోటోతో పోల్చుకో. ఒకటి నుంచి 70 దాకా మార్కులు, 64కీ 65కీ మధ్య మన కంటికి తేడా కనపడదు, ధరలో మాత్రం వేలు ఉండొచ్చు. నన్నడిగితే నీ కంటికి తేడా కనపడేదాకా ఆ తేడాకి డబ్బు పెట్టకు. ఇంట్లో ఏమున్నాయో తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, విలువైనవి బ్యాంకు లాకర్లోకి.

అమ్మమ్మ ట్రంకుపెట్టెలో రాణి బొమ్మ రూపాయలు ఉన్నాయి, ఈసారి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తానన్నావు. తేవద్దు. వందేళ్ళు దాటిన నాణేలు మన చట్టం లెక్కలో పురావస్తువులు, దేశం దాటించడం నేరం. ఫలానా రూపాయికి లక్షలిస్తాం ముందు ఫీజు కట్టమని మీ అమ్మకి ఫోన్లు వస్తున్నాయట, అలాంటి మోసాల గురించి 2021లోనే రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది, ఫోన్ పెట్టెయ్యమను. నువ్వు అక్కడున్నప్పుడు రెండు వైపులా ఫోటోలు తీసి నాకు పంపు చాలు. ఐదో జార్జి రూపాయలైతే వెనక వైపు కింద తామరపువ్వు దగ్గర చిన్న చుక్క ఉందేమో దగ్గరగా తియ్యి, ఉంటే బొంబాయి మింటుది, లేకపోతే కలకత్తాది.

మీ మావయ్య