చురుకైన పిల్ల, చదవడంలో తడబాటు: ఖరీదైన స్కూలుకు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి. నోటితో అడిగితే దేనికైనా టక్కున జవాబు చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం తడబాటే. డిస్లెక్సియా అని తేలింది. ఇప్పటి ఫీజుకు రెట్టింపు తీసుకునే ప్రైవేటు స్కూలు ఒకటి ‘మేం చూసుకుంటాం’ అంటోంది. రిటైర్మెంటుకు దాచింది తీసైనా చేర్పిద్దామని మావారు, వద్దని నేను. ఏం చేయమంటారు?

జవాబు: రిటైర్మెంటు డబ్బు విషయంలో నా ఓటు మీకే. స్కూలు సంగతి అంత తేలిగ్గా తేలదు.

పన్నెండో తరగతికి ఇంకా ఎనిమిదేళ్లుంది. ఫీజు ఏటా 10 శాతం పెరుగుతుందనుకుంటే ఇవాళ్టి 100 అప్పటికి 214 అవుతుంది. కొత్త స్కూల్లో ఇప్పుడే 200 కాబట్టి చివరి ఏడాది 428. మీ ఇద్దరి జీతాలూ అదే వేగంతో పెరుగుతాయా? మొదటి ఏడాది ఎలాగో కట్టేసి మూడో ఏడు చేతులెత్తేస్తే పిల్లను మళ్లీ మార్చాలి. కుదురుకోవడానికే సమయం పట్టే పిల్లకు అది ఫీజుకన్నా పెద్ద నష్టం.

ఇక ‘చూసుకుంటాం’ అంటే ఏమిటో నిలదీసి అడగండి. వారానికి ఎన్ని గంటలు? స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు నేర్పే టీచర్) ఒక్క పిల్లతో కూర్చుంటారా, పదిమందితోనా? శబ్దాన్ని అక్షరంతో జతచేస్తూ మెట్టుమెట్టుగా నేర్పే పద్ధతిలో ఆవిడకు శిక్షణ ఉందా? 1930లలో అమెరికాలో డాక్టర్ ఆర్టన్, టీచర్ గిల్లింగ్‌హామ్ వేసిన బాట అది. ఆ గంట కోసం పాపను ఏ క్లాసులోంచి లేపుతారు? తనకు ఇష్టమైన సైన్సు క్లాసులోంచే అయితే నేను ఒప్పుకోను.

డిస్లెక్సియా అని తేల్చిన పరీక్షల రిపోర్టు ప్రిన్సిపాల్ చేతికిచ్చి ఏ పేజీ తిప్పుతారో గమనించండి. మొత్తం ఐక్యూ చూసి మూసేస్తే లాభం లేదు. ఇలాంటి పిల్లల్లో మాటల అవగాహన బాగా ఎక్కువ, పని చేసే వేగం బాగా తక్కువ ఉండొచ్చు. రెండూ కలిపి సగటు తీస్తే ‘మామూలు పిల్ల’ అనిపిస్తుంది. తెలివికి తగ్గ పాఠమూ అందదు, ఇబ్బందికి తగ్గ సాయమూ అందదు.

అంతకంటే ముందు ఇప్పటి స్కూలుకే ఒక ఉత్తరం రాయండి. పరీక్షలో అదనపు సమయం, కొన్ని జవాబులు నోటితో చెప్పనివ్వడం, బోర్డు మీది నోట్సుకు జిరాక్సు. వీటికి వాళ్లకయ్యే ఖర్చు దాదాపు శూన్యం. ఒప్పుకుంటే, కొత్త స్కూలుకు అదనంగా కట్టాలనుకున్న డబ్బును మంచి స్పెషల్ ఎడ్యుకేటర్ గంటలుగా మార్చి చూడండి. చాలాసార్లు ఖరీదైన స్కూలు ఇచ్చే గంటలకన్నా అవే ఎక్కువ తేలతాయి. నేనైతే ముందు ఈ దారే పడతాను.

రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలంటూ ఎవరైనా వస్తే పర్సు మూసేయండి. వాటితో డిస్లెక్సియా తగ్గుతుందనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2009లోనే చెప్పింది.

ఇప్పటి స్కూలు ససేమిరా అంటేనే మార్పు. అప్పుడు కూడా మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు వేరే బిల్లు ఉంటుందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. మొదటి ఏడాది ఆ ఆశకు పోకుండా టర్ముల వారీగానే కట్టండి. రెండేళ్ల అదనపు ఫీజు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో చేరాకే అడ్మిషన్ ఫారం నింపండి. షేర్లలో పెట్టొద్దు, ఫీజు గడువు మార్కెట్ కోలుకునేదాకా ఆగదు.