పొడవెక్కువైందన్న మాటలో వయసు ఎక్కడిది?

ప్రశ్న: నా వయసు 53 ఏళ్ళు. కావలిలో ప్రభుత్వోద్యోగం చేస్తున్నాను. బెంగళూరులో పనిచేసే మా అబ్బాయి దసరాకు వచ్చినప్పుడు, ఇప్పటి పిల్లలు వేసుకునే వెడల్పాటి జీన్స్ ప్యాంటు ఒకటి నాకోసం తెచ్చాడు. వాడు బలవంతపెడితే, నెల్లూరు దర్గామిట్టలో జరిగిన మా బావమరిది కూతురి నిశ్చితార్థానికి అదే వేసుకొని వెళ్ళాను. మా బావమరిది అందరి ముందూ "ఏంది బావా, పిల్లోడి ప్యాంటు తగిలించుకొచ్చావా?" అన్నాడు. మా ఆవిడ కూడా "నన్నొక మాట అడిగుంటే రెండంగుళాలు తగ్గించి కుట్టిచ్చేదాన్ని గదా, మండపమంతా ఊడుస్తున్నారు" అని నవ్వింది. ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. మా వీధి ఆడపిల్లల చుడీదార్లన్నీ ఆమె కుట్టినవే. అన్ని ఫ్యాషన్లు చూసిన మనిషి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది. అప్పటినుంచి మా మధ్య అవసరానికి మించి మాటలు లేవు. నేను పద్ధతి తెలియనివాణ్ణి కాను. పదిహేనేళ్ళ కిందట తిరుమలకు నడిచి వెళ్ళేటప్పుడు తాను చుడీదారు వేసుకుంటానంటే, ఈ వయసులో ఏం బాగుంటుందని నేనే వద్దన్నాను. గాలిగోపురం దగ్గర చీర అంచు కాలికి తగిలి పడినా ఆమె నన్నేమీ అనలేదు, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అలాంటిది ఇప్పుడు నన్ను చూసి నవ్వడం బాధగా ఉంది. నా వయసు వాళ్ళు ఇలాంటి ప్యాంట్లు వేసుకోవచ్చా? వేసుకోకపోతే మా అబ్బాయి నొచ్చుకుంటాడేమో.

జవాబు: మీరు అడిగిన ప్రశ్న చిన్నది కాబట్టి దాన్ని ముందే ముగిస్తాను. వేసుకోవచ్చు. మీరు పిల్లల బట్ట అనుకుంటున్న జీన్స్‌ను పిల్లల కోసం ఎవరూ కనిపెట్టలేదు. అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ అనే బట్టల వ్యాపారి కలిసి, జేబుల మూలలు పిగిలిపోకుండా రివెట్లు బిగించిన ప్యాంటుకు 1873 మే 20న పేటెంటు తీసుకున్నారు. ఒళ్ళు వంచి పనిచేసే కూలీలకోసం తయారైన బట్ట అది. తన భర్త ప్యాంట్లు ఊరికే చిరిగిపోతున్నాయనీ, గట్టిది ఒకటి కుట్టిపెట్టమనీ ఒక కూలీ భార్య వచ్చి అడిగితేనే ఆ దర్జీకి రివెట్ల ఆలోచన తట్టిందని చెబుతారు. ఇక వెడల్పు సంగతి అంటారా, 1970లలో మా అన్నయ్య 24 అంగుళాల బెల్‌బాటమ్ కుట్టించుకొని నెల్లూరు ట్రంకు రోడ్డు మీద తిరుగుతుంటే, "ఒక కాలి గుడ్డతో నాకు బనీను వస్తుంది గదరా" అని మా నాయన విసుక్కునేవారు. మీరు కాలేజీకి వచ్చేనాటికి నడుము దగ్గర కుచ్చులు పెట్టిన బ్యాగీలు దిగాయి. మీ పెళ్ళి ఆల్బమ్ తీసి, రిసెప్షన్ ఫొటోలో మీరు వేసుకున్న ప్యాంటు ఎంత వదులుగా ఉందో ఒకసారి చూసుకోండి. ఆ తరవాత పాదం దూరడమే కష్టమైన బిగుతు ప్యాంట్లు వచ్చి, పదేళ్ళకు పైగా రాజ్యమేలి, ఇప్పుడు మళ్ళీ వదులయ్యాయి. మీ అబ్బాయి మీ పాత ప్యాంటునే బెంగళూరు ధర పెట్టి కొని మీకు తెచ్చాడు. బావమరిది అన్నదానికి నేను జవాబు చెప్పను. బావను ఆట పట్టించకపోతే వాడు బావమరిది ఎందుకవుతాడు?

మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదవడానికి కారణం ప్యాంటు కాదు. మీ భార్య అన్న మాటను మీరే అక్షరం పొల్లుపోకుండా రాసి పంపారు, కానీ అందులో ఏముందో మీరు వినలేదు. తనను అడిగి ఉంటే రెండంగుళాలు తగ్గించి కుట్టేదాన్నని ఆవిడ అన్నది. ఆ వాక్యంలో మీ వయసు ప్రస్తావన ఎక్కడా లేదు. ప్యాంటుకు పొడవెక్కువైందన్న మాటను మీకు వయసెక్కువైందని మార్చుకొని, రెండు వారాలో నెల రోజులో ఆవిడతో మాటలు తగ్గించుకున్నది మీరే. చుడీదార్లూ, పటియాలాలూ, ఈమధ్య వెడల్పాటి పలాజోలూ కుట్టి కుట్టి చేయి తిరిగిన మనిషి, నేలమీద ఈడ్చుకుంటూ నడిచే అంచును చూసి ఊరుకోవడం సాధ్యమయ్యే పని కాదు. నలుగురిలో నవ్వకుండా ఇంటికి వచ్చాక చెప్పి ఉండవలసిందని నేనూ ఒప్పుకుంటాను, భర్త మర్యాద గడప బయట కాపాడడం భార్య బాధ్యత అని నమ్మే తరం నాది. అయితే అదే మర్యాద భార్యకు కూడా ఉంటుందనీ, దాన్ని గడప లోపల కూడా కాపాడాలనీ నేను అంతే గట్టిగా నమ్ముతాను.

మీ ఉత్తరంలో వయసు అన్న మాట ఎవరి నోట మొదట వచ్చిందో చూడండి. పదిహేనేళ్ళ కిందట మీ భార్యకు ఎన్నేళ్ళు ఉంటాయి? మీకు అప్పుడు 38 అయితే ఆవిడకు 33, 34కు మించి ఉండకపోవచ్చు. ఆ వయసున్న ఆడపిల్లను పట్టుకొని "ఈ వయసులో ఏం బాగుంటుంది" అన్న మనిషి, 53 ఏళ్ళకు తన వయసు సరిపోతుందా అని నన్ను అడుగుతున్నాడు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. చీరతో ఆ దారి ఎక్కినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, రెండో చేత్తో పిల్లవాడి చేయి పట్టుకొని ఎక్కేటప్పుడు, పట్టు తప్పితే ఆసరాకు మూడో చేయి ఉండదు. మోకాళ్ళ పర్వతం వచ్చేసరికి చెమటకు తడిసిన చీర పిక్కలకు చుట్టుకొని అడుగు పడనివ్వదు. ఆవిడ సుఖంగా నడవడానికి ఒక బట్ట అడిగింది, మీరు ఆవిడ వయసు లెక్క చెప్పారు. ఆవిడ పడింది, లేచింది, మిమ్మల్ని ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని మీరు ఇన్నేళ్ళూ ఆవిడ మంచితనం కింద జమకట్టుకున్నారు.

పోనీ అది దేవుడి సన్నిధికి పనికిరాని బట్టా అంటే, అదీ కాదు. ఆర్జిత సేవలకూ ప్రత్యేక దర్శనాలకూ వెళ్ళే ఆడవాళ్ళు చీర గానీ, లంగావోణీ గానీ, చున్నీతో చుడీదారు గానీ వేసుకోవచ్చునని దేవస్థానం వారే చెబుతున్నారు. మగవాళ్ళకు చెప్పింది పంచె, ఉత్తరీయం, లేదా కుర్తా, పైజమా. ఆ వరసలో జీన్స్‌కు చోటు లేదు. అంటే మీరు వద్దన్న బట్టతో ఆవిడ కల్యాణోత్సవానికి వెళ్ళి కూర్చోవచ్చు గానీ, మీ అబ్బాయి తెచ్చిన ప్యాంటుతో మీరు వెళ్ళలేరు.

వీధిలోని ఆడపిల్లల చుడీదార్లన్నీ ఆవిడ కుట్టినవేనని మీరు కొంచెం గర్వంగానే రాశారు. పదిహేనేళ్ళలో ఆ మిషను మీద ఎన్ని వందలు కుట్టి ఉంటుందో, అందులో తన కొలతలతో ఒక్కటైనా ఉందో లేదో మీరు ఎప్పుడైనా అడిగారా? తన వయసువాళ్ళకూ, తనకంటే పెద్దవాళ్ళకూ నడుము దగ్గర ఇంత, పొడవు ఇంత అని టేపు పెట్టి కొలిచి, కుట్టి, ఇస్త్రీ చేసి, మడిచి ఇచ్చి, తాను చీర చెంగు దోపుకొని మళ్ళీ మిషను ముందు కూర్చున్న మనిషి ఆవిడ. నన్ను అడిగితే, మండపంలో ఆవిడ నవ్విన నవ్వు చాలా చిన్నది.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. బజారుకు వెళ్ళి ఒక చుడీదారు గుడ్డ కొనుక్కొచ్చి ఆవిడ ముందు పెట్టి, అంతటితో లెక్క చెల్లిందనుకోకండి. చాలామంది మగవాళ్ళు క్షమాపణను కొట్టుకు పంపించి సంచిలో తెప్పించుకుంటారు, నాకు అది నచ్చదు. ముందు నోటితో చెప్పండి. ఆ రోజు మెట్ల మీద వద్దనడం తప్పని, పడినప్పుడైనా తెలుసుకోవలసింది తెలుసుకోలేదని చెప్పండి. ఆవిడ వెంటనే మెత్తబడకపోవచ్చు, "ఇప్పుడెందుకండీ అవన్నీ" అని కుట్టుపనిలో తల దించుకోవచ్చు, లేదా ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా ఆ పూటే అనవచ్చు. అంటే వినండి, మధ్యలో నిశ్చితార్థం సంగతి ఎత్తకండి. ఇప్పుడు తనకు చుడీదారు మీద మనసు లేదంటే అది ఆవిడ ఇష్టం, వేసుకొమ్మని బలవంతపెట్టడం కూడా పెత్తనమే అవుతుంది. అబ్బాయిని మాత్రం ఇందులోకి లాగకండి. వాడు తండ్రికి ప్రేమతో ఒక ప్యాంటు తెచ్చాడు, వాడి పని అయిపోయింది.

ఇదంతా అయ్యాక, ఒక ఆదివారం పూట బీరువాలోంచి ఆ ప్యాంటు తీసి వేసుకొని, అంచు ఎక్కడిదాకా మడవాలో గుర్తుపెట్టమని ఆవిడనే అడగండి. గుండుసూదులు ఆవిడ చేతిలో ఉంటాయి కాబట్టి, ఆ కాసేపూ కదలకుండా నిలబడండి.