పదో తరగతి పాసై మేకల పాడి పెడతానంటున్న అబ్బాయికి

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. 3 ఎకరాల పొలం, ఒక బోరు ఉన్నాయి. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. ఇక చదవను, మేకలు పెంచి పాలు అమ్ముతానంటున్నాడు. ఫోన్‌లో వీడియోలు చూసి లెక్కలు కూడా వేసేశాడు. మాకు ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, వానల్లేక వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా మీ వైపు ఇళ్లలో నాలుగు డబ్బులు ఆడేది గొర్రెలు, మేకల వల్లే. కాబట్టి మేకలు వద్దని మాత్రం అనకండి. చదువు మానేస్తాననే మాటకే ఒప్పుకోకండి.

పాల లెక్క అబ్బాయి అనుకున్నంత తేలిక కాదు. నాటు మేక దగ్గర పిల్లలు తాగాక మనకు మిగిలేది అర లీటరు దాటడం అరుదు. బీటల్, జమునాపారి మేకల్ని బాగా మేపితే రోజుకు లీటరున్నర నుంచి 2 లీటర్ల దాకా ఇస్తాయి. కానీ అవి పంజాబ్, ఉత్తరప్రదేశ్ జాతులు. ఖరీదెక్కువ, మన ఎండకూ మేతకూ అలవాటు పడాలి. పైగా ఊళ్లలో పాల కేంద్రాలు పోయించుకునేవి ఆవు, గేదె పాలే. మేక పాలు కొనేవాళ్లను మీరే వెతుక్కోవాలి. చిన్న ఫారానికి అసలు ఆదాయం పిల్లల అమ్మకంలో ఉంటుంది. చూడి 5 నెలలే, కవలలు కూడా తరచూ పుడతాయి. పాల డబ్బును దాని మీద అదనంగానే లెక్కేసుకోవాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. డెంగీ జ్వరాల కాలంలో మేక పాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఎంత ధరైనా పెట్టి కొంటారు. దానికి సరైన శాస్త్రీయ ఆధారం లేదు. పచ్చిపాలు తాగితే బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు కూడా అంటుకోవచ్చు. జ్వరంతో ఉన్నవాళ్ల భయం మీద వ్యాపారం కట్టొద్దని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. పాలు అమ్మితే కాచి తాగమని చెప్పి అమ్మాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

ఇక చదువు సంగతి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పాలిటెక్నిక్‌లలో పదో తరగతి తర్వాత 2 ఏళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. మీ వాడికి సరిగ్గా సరిపోయేది అదే. మేత, ఈతలు, టీకాలు, ప్రథమ చికిత్స అన్నీ అక్కడ చేత్తో చేసి నేర్చుకుంటాడు. 2019లో గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల్ని తీసుకున్నప్పుడు ఈ డిప్లొమా వాళ్లకు అర్హత ఉండేది. రేపు ఫారం నడవకపోయినా చేతిలో ఒక చదువు ఉంటుంది.

ఈ రెండేళ్లూ ఇంట్లో 4, 5 నాటు మేకలు మీరు చూసుకోండి, సెలవులకు వచ్చినప్పుడు వాడు చూసుకుంటాడు. మందకు మంచి బీటల్ పోతును కట్టిస్తే పుట్టే పిల్లల్లో పాలు పెరిగే అవకాశం ఉంది. గట్ల మీద ఇప్పుడే అవిశ, మునగ, సుబాబుల్ నాటండి. మేక గడ్డి కంటే ఆకును ఇష్టంగా తింటుంది. సుబాబుల్ మాత్రం మేతలో మూడో వంతు మించనివ్వకండి, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. పీపీఆర్ (పారుడు రోగం), చిటుక రోగం టీకాలు, నట్టల మందు పశువైద్యశాలలో అడిగి వేళకు వేయించండి. మందలు మందలుగా చచ్చేది ఎక్కువగా ఈ రోగాలతోనే.

జాతీయ పశుసంపద మిషన్ కింద 100 మేకలు, 5 పోతుల యూనిట్‌కు ఖర్చులో సగం, రూ.10 లక్షల వరకు సబ్సిడీ ఉందని మీ వాడు వినే ఉంటాడు. మిగతా సగం అప్పో, చేతి డబ్బో పెట్టుకోవాలి. 5 మేకల ఈతలు రెండుసార్లు దగ్గరుండి చూడనివాడు 100 మేకల జోలికి వెళ్లకూడదని నా అభిప్రాయం. డిప్లొమా అయ్యాక అప్పుడు ఆలోచించండి.

ప్రవేశాల ప్రకటన ఎప్పుడొస్తుందో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో చూస్తూ ఉండండి. వయసు పరిమితి, రిజర్వేషన్ నిబంధనలు అందులోనే ఉంటాయి. కుల, స్థానికత ధ్రువపత్రాలు ఈ లోపే తీయించి పెట్టుకోండి.