నిరుద్యోగం తగ్గిందంటారు, కుర్రాళ్లకేమో పని లేదు: ఈ పట్టికలు ఎలా చదవాలి?

మీరు అడిగింది ఇది: మీ ప్రాంతంలో నిరుద్యోగ రేటు తగ్గిందని నివేదిక చెబుతోంది, మీ చుట్టూ ఉన్న పాతికేళ్ల లోపు వాళ్లకు మాత్రం పని దొరకడం లేదు. ఎవరు అబద్ధం చెబుతున్నట్టు? వయసు, వృత్తి, పరిశ్రమల వారీగా ఇచ్చిన పట్టికలు చూసి మీ తమ్ముడు ఏ పని నేర్చుకోవాలో తేల్చుకోవచ్చా?

ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. తమ్ముడి సంగతి చివర్లో చెబుతాను.

నేను ఎనిమిదేళ్లు ఇలాంటి సర్వే కాగితాల మధ్యే గడిపాను. మొదటి మూడేళ్లు కోడింగ్. అంటే ఇంటింటికీ తిరిగిన ఎన్యూమరేటర్లు రాసుకొచ్చిన షెడ్యూళ్లు (సర్వే ప్రశ్నల కాగితాలు) ముందేసుకుని, మనుషులు తమ పని గురించి చెప్పిన మాటలకు అంకెలు వేయడం. ఆ తర్వాత ఆ అంకెలతోనే ప్రాంతాలవారీ నివేదికలు రాశాను. అందులో ఒకటి తప్పు రాశాను కూడా. అదీ చెబుతాను, ఎందుకంటే మీరు చూస్తున్న పట్టికలోనూ అలాంటిదే ఉండొచ్చని నా అనుమానం.

ముందు నిరుద్యోగం సంగతి. సర్వే భాషలో నిరుద్యోగి అంటే పని లేనివాడు మాత్రమే కాదు. పని లేకపోవాలి, పని వెతుకుతూ ఉండాలి, దొరికితే వెంటనే చేరేలా ఉండాలి. మూడూ కలిస్తేనే ఆ లెక్కలోకి వస్తాడు. ఇక అడిగిన వారంలో ఒక్క గంట కూలికి వెళ్లినా ఉపాధి ఉన్నవాడి కిందే లెక్క. ఈ గంట నియమం కార్మిక గణాంకవేత్తల 13వ అంతర్జాతీయ సదస్సు 1982లో చేసిన తీర్మానం నుంచి వస్తోంది. దాని ఉద్దేశం మంచిదే, దేశంలో జరిగే ఏ కొంచెం పనీ లెక్క తప్పిపోకూడదని. కానీ బతుకు గడుస్తోందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు.

ఒక షెడ్యూలు నాకిప్పటికీ గుర్తు. వయసు 23. చదువు డిగ్రీ. "గత వారం ఏదైనా పని చేశారా" దగ్గర లేదు. "పని వెతుకుతున్నారా" దగ్గర ఎన్యూమరేటరు ముందు అవును అని గుర్తు పెట్టి, మళ్లీ కొట్టేసి, పక్కన పెన్సిలుతో "వెతికి వెతికి మానేశాడు" అని రాశాడు. ఆ పెన్సిలు మాటకు మా దగ్గర కోడు లేదు. అతను శ్రామిక శక్తికి, అంటే పనిలో ఉన్నవాళ్లూ పని వెతికేవాళ్లూ కలిసిన లెక్కకు, బయట పడ్డాడు. నిరుద్యోగ రేటు ఆ లెక్కలోంచే తీస్తారు. అతనితోపాటు ఇంకో వందమంది కూడా విసిగిపోయి మానేశారనుకోండి, ఒక్క కొత్త ఉద్యోగమూ పుట్టకుండానే నిరుద్యోగ రేటు దిగిపోతుంది. మీరు చూసింది ఇదే అయ్యుండొచ్చు.

ప్రపంచం మొత్తానికి కూడా ఇదే బొమ్మ. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల్లో 15–24 ఏళ్లవారి నిరుద్యోగ రేటు 2023లో 13 శాతం, పదిహేనేళ్లలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. సంబరపడదామా అంటే అదే ఏడాది ఆ వయసువాళ్లలో 20.4 శాతం మంది చదువులోనూ లేరు, పనిలోనూ లేరు, శిక్షణలోనూ లేరు. వీళ్లలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు. ఈ రెండో లెక్కను నీట్ రేటు అంటారు (డాక్టరు చదువు పరీక్షకూ దీనికీ సంబంధం లేదు, పేరు కలిసిందంతే). కుర్రాళ్ల పరిస్థితి తెలుసుకోవాలంటే నిరుద్యోగ రేటు పక్కనపెట్టి ముందు నీట్ రేటు, ఆ తర్వాత ఆ వయసు జనాభాలో ఎంతమంది పనిలో ఉన్నారన్న రేటు చూడండి. మీ నివేదికలో ఈ రెండూ లేకపోతే అది సగం నివేదికే.

ఇక నా తప్పు.

పరిశ్రమ, వృత్తి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. నువ్వు ఏం చేస్తావన్నది వృత్తి. నువ్వు పనిచేసే సంస్థ ఏం చేస్తుందన్నది పరిశ్రమ. ఆసుపత్రిలో కారు నడిపే మనిషి వృత్తి డ్రైవరు, పరిశ్రమ వైద్యసేవ. రవాణా కాదు. ఇది తెలియక చాలామంది రవాణా రంగం పట్టిక తెరిచి డ్రైవర్ల లెక్క వెతుకుతుంటారు. నాకు ఇది బాగా తెలుసు, మూడేళ్లు రోజూ చేసిన పనే కదా. తెలిసీ పప్పులో కాలేశాను.

ఒక ప్రాంతంలో నాలుగేళ్లలో తయారీ రంగం ఉపాధి గట్టిగా పడిపోయింది. అదే సమయంలో పాలనా, సహాయక సేవలు అనే విభాగం ఎగబాకింది. నేను నివేదికలో "కార్మికులు ఫ్యాక్టరీల నుంచి సేవల వైపు మళ్లుతున్నారు" అని దర్జాగా రాశాను. పెద్దల సమావేశంలో ఆ వాక్యాన్నే తెరమీద వేశారు. తర్వాత ఎందుకో మనసొప్పక అసలు షెడ్యూళ్లు తీయించి చూశాను. వృత్తి గడి చూస్తే మొదటి ఏడాదికీ చివరి ఏడాదికీ పెద్దగా తేడా లేదు. సెక్యూరిటీ గార్డు, ఊడ్చేవాళ్లు, సరుకు ఎత్తేవాళ్లు. పాత షెడ్యూల్లో యజమాని గడిలో ఫ్యాక్టరీ, కొత్త షెడ్యూల్లో ఏజెన్సీ. అదే గేటు, అదే కుర్చీ, అదే రాత్రి డ్యూటీ. జీతం ఇచ్చే చెయ్యి మారిందంతే.

ఐక్యరాజ్యసమితి పరిశ్రమల వర్గీకరణ నాలుగో సవరణలో (2008లో వచ్చింది, 21 విభాగాలు, ఏ నుంచి యు దాకా అక్షరాలు) ఫ్యాక్టరీ తానే పెట్టుకున్న గార్డు సి విభాగంలో, అంటే తయారీలో ఉంటాడు. ఏజెన్సీ ద్వారా వస్తే ఎన్ విభాగంలోకి, అంటే పాలనా, సహాయక సేవల్లోకి పోతాడు. అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణలో మాత్రం ఎక్కడున్నా అతని కోడు 5414 మారదు. ఒక్క పరిశ్రమ పట్టిక మాత్రమే చూసి "తయారీ చచ్చిపోయింది" అని రాసేవాళ్లు చాలామంది కనబడతారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి అయ్యాను. అప్పట్నుంచి పరిశ్రమ పట్టికలో పెద్ద మార్పు కనబడితే పక్కన వృత్తి పట్టిక పెట్టుకోకుండా ఒక్క మాట కూడా రాయలేదు. ఫ్యాక్టరీ గార్డు ఏజెన్సీ గార్డు అయితే అతనికి ఏమీ తేడా లేదని కాదు. సెలవులు, భద్రత, జీతం అన్నీ మారొచ్చు. కానీ అది వేరే కథ, ఉపాధి తరలింపు కథ కాదు.

వయసు దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, జనం అన్నిటికన్నా తేలిగ్గా దాటేసేదీ ఇదే.

2010లో 20–24 ఏళ్లవారినీ 2020లో 20–24 ఏళ్లవారినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే వాళ్లు వేర్వేరు మనుషులు. 2010లో 20–24లో ఉన్నవాళ్లు 2020లో 30–34లో కూర్చుంటారు. వాళ్లను వెంబడించాలి. ఊరికే లెక్క కోసం అనుకుందాం: ఒక ప్రాంతంలో 2010లో ఆ వయసువాళ్లు పదివేలమంది, పనిలో ఉన్నవాళ్లు నాలుగువేలు. 2020లో 30–34 వాళ్లు ఆరువేలమందే, పనిలో ఉన్నవాళ్లు నాలుగువేల ఎనిమిదివందలు. రేటు చూస్తే 40 శాతం నుంచి 80 శాతానికి ఎగిరింది, అద్భుతం! కానీ నాలుగువేలమంది ఎక్కడికి పోయారు? పని వెతుక్కుంటూ వలస పోయారు. పని దొరకనివాళ్లు వెళ్లిపోగా మిగిలినవాళ్లలో పని ఉన్నవాళ్ల వాటా ఎక్కువ కనబడుతుంది. దీనికి చదువు పూర్తయి సహజంగానే పనిలో చేరేవాళ్లు కూడా తోడవుతారు. అందుకే ప్రాంతాల పట్టికలో శాతం చూసేముందు దాని కింద ఉన్న తలల లెక్క చూడాలి. నిజానికి నేను ప్రాంతాల నివేదిక ఏది తెరిచినా ముందు ఉద్యోగాల పేజీకి పోను, జనాభా పేజీకి పోతాను. మనుషులు మారితే ఉద్యోగాల రేట్లు వాటంతటవే మారతాయి.

వయసూ పరిశ్రమా ముడిపడి ఉంటాయని 2020 గుర్తుచేసింది. ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా యువత ఉపాధి 8.7 శాతం పడిపోతే పెద్దవాళ్ల ఉపాధి 3.7 శాతమే పడింది. వైరస్‌కు కుర్రాళ్ల మీద కక్షేమీ లేదు. హోటళ్లు, దుకాణాల వంటి మూతపడ్డ చోట్ల కుర్రాళ్లు ఎక్కువగా పనిచేస్తారు. పైగా చివర చేరినవాణ్ణే ముందు పంపేస్తారు. కొత్తగా తీసుకోవడం ఆగిపోతే లోపల ఉన్నవాళ్లకు పెద్దగా తెలియదు, గుమ్మం బయట ఉన్నవాడికే తెలుస్తుంది. కాబట్టి మీ ప్రాంతం దేనిమీద బతుకుతోందో తెలిస్తే, దెబ్బ తగిలినప్పుడు ఏ వయసువాళ్లు ముందు పడతారో చాలావరకు ముందే చెప్పొచ్చు.

మీ ప్రాంతం నిజంగా వెనకబడుతోందా, లేక దేశమంతా ఇంతేనా అని తేల్చడానికి ఒక పాత పద్ధతి ఉంది, షిఫ్ట్-షేర్ అంటారు. కాగితం మీదే చేసుకోవచ్చు. మీ ప్రాంతంలో ఒక పరిశ్రమలో వెయ్యిమంది ఉండేవాళ్లు, ఇప్పుడు 1,080 అనుకోండి. అదే కాలంలో దేశం మొత్తం ఉపాధి 5 శాతం పెరిగింది, దేశంలో ఆ పరిశ్రమ 12 శాతం పెరిగింది. పెరిగిన 80లో 50 దేశం పెరుగుదల తెచ్చింది. ఆ పరిశ్రమకు ఉన్న ఊపు (12లోంచి 5 పోగా 7 శాతం) ఇంకో 70 తేవాలి. అంటే 120 పెరగాల్సింది 80 పెరిగింది, మీ ప్రాంతం ఖాతాలో మైనస్ 40. పైకి చూస్తే పెరుగుదల, లోపల వెనకబాటు. ఎందుకు వెనకబడిందో ఈ లెక్క చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. నాకు అంతే చాలు.

ఒక జాగ్రత్త. ప్రాంతం, వయసు, వృత్తి, పరిశ్రమ అన్నిటినీ ఒకే పట్టికలో అడ్డంగా నిలువుగా కోస్తే గళ్లు ఎన్నవుతాయో చూడండి: ఐదు వయసులు, పది వృత్తి సమూహాలు, 21 పరిశ్రమలు, మొత్తం 1,050 గళ్లు. ఒక ప్రాంతంలో సర్వే చేసింది రెండువేల కుటుంబాలైతే చాలా గళ్లలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. అందులో ఒక్కడు ఇల్లు మారితే "50 శాతం తగ్గుదల". ఇలాంటి అంకెలతో వార్తలు రావడం నేను కళ్లారా చూశాను. అందుకే రెండు కోణాలకు మించి ఒకేసారి కోయకండి. మూడో కోణం కావాలంటే రెండుమూడేళ్ల లెక్కలు కలిపి చూడండి.

ఇంకో చిన్న మాట. ఇళ్ల సర్వే మనిషి ఎక్కడ ఉంటాడో అక్కడ లెక్కేస్తుంది, సంస్థల సర్వే ఉద్యోగం ఎక్కడ ఉందో అక్కడ లెక్కేస్తుంది. రోజూ పక్క పట్నానికి పోయి పనిచేసేవాళ్లు ఎక్కువ ఉన్నచోట ఈ రెండూ ఎప్పటికీ కలవవు. కలవలేదని కంగారు పడకండి.

ఇప్పుడు మీ తమ్ముడు. అందరూ "ఏ వృత్తిలో ఉద్యోగాలు పెరుగుతున్నాయి" అని అడుగుతారు. నేనైతే "ఏ వృత్తిలో ఉన్నవాళ్లు ముసలివాళ్లవుతున్నారు" అని అడుగుతాను. ఖాళీలు కొత్త ఉద్యోగాల వల్ల వచ్చేవాటికన్నా పాతవాళ్లు దిగిపోవడం వల్ల వచ్చేవే చాలా ఎక్కువ. పదేళ్లలో మొత్తం సంఖ్య కాస్త తగ్గే వృత్తిలో కూడా, సగంమంది యాభై దాటినవాళ్లయితే తలుపు తెరుచుకునే ఉంటుంది. ఎలక్ట్రీషియన్, వెల్డరు, యంత్రాల మరమ్మతు లాంటి చేతిపనుల దగ్గర ముందు ఈ వయసు వరుస చూడండి.

కానీ ముసలివాళ్లున్న ప్రతిచోటా కుర్రాడికి చోటుందనుకోకండి. జపాన్‌లో వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉన్నవారి సగటు వయసు 2020 నాటికి 67.8 ఏళ్లు. అక్కడ ఒక రైతు దిగిపోతే ఆ చోటు ఖాళీగా నిలబడి పిలవదు. పొలం పక్కవాడి పొలంలో కలుస్తుంది, లేదా బీడు పడుతుంది. దిగిపోయినవాడి స్థానంలో మళ్లీ మనిషిని పెడుతున్నారా లేదా అన్నది ఏ జాతీయ పట్టికలోనూ దొరకదు. ఆ పని చేయించేవాళ్లను ఇద్దరు ముగ్గురిని కలిసి, "గత రెండేళ్లలో రిటైరైనవాళ్ల చోట ఎంతమందిని తీసుకున్నారు, వాళ్ల వయసెంత" అని అడగమనండి. తమ్ముడినే వెళ్లి అడగమనండి, మీరు వెళ్లకండి. చిన్నవాడు అడిగితే జనం నిజం చెబుతారు.

మీ దగ్గరున్న నివేదికలో వయసు–వృత్తి పట్టిక ఉంటే ఆ అంకెలు కింద రాయండి, గళ్లలో ఎంతమంది ఉన్నారో కూడా రాయండి. కూర్చుని చూద్దాం.