పొద్దున్నే ఆకుల మంట.. రాత్రంతా పాప దగ్గు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మదనపల్లె. ఉద్యోగాల వల్ల బెంగళూరులో మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా పాపకు ఏడేళ్లు. సంక్రాంతి దాటిందంటే చాలు, రాత్రిళ్లు పొడిదగ్గు, తెల్లవారుజామున ఆయాసం మొదలై ఉగాది దాకా వదలడం లేదు. ఇలా కావడం ఇది మూడో ఏడాది. మా పక్క ఖాళీ సైటులో రోజూ పొద్దున్నే రాలిన ఆకులూ చెత్తా పోగేసి అంటిస్తారు. ఫోన్‌లో గాలి నాణ్యత చూస్తే ‘సంతృప్తికరం’ అనే వస్తోంది. గాలి శుభ్రపడుతుందని ఇంట్లో స్నేక్ ప్లాంట్లు, అరెకా పామ్‌లు పెట్టాం. పిల్లల డాక్టర్ ఇన్‌హేలర్ రాశారు. అలవాటైపోతుందని మా అత్తయ్య వద్దంటే సిరప్‌తోనే నెట్టుకొస్తున్నాం. పాప దగ్గుకు ఆ పొగే కారణమా? ఇల్లు మారిపోవాలా? ఇంట్లో కంపోస్ట్ చేద్దామని పాప స్కూల్ నుంచి వచ్చి ఒకటే గోల. చేస్తే దగ్గు పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఇన్‌హేలర్ సంగతి తేల్చేద్దాం. పక్క సైటులో మంట ఆపించడానికి కొన్ని వారాలైనా పడుతుంది. అంతదాకా పాప రాత్రిళ్లు లేచి కూర్చుని దగ్గుతూ ఉండకూడదు.

ఏటా అదే కాలంలో రావడం, రాత్రీ తెల్లవారుజామునా ఎక్కువ కావడం, పొడిదగ్గుకు ఆయాసం తోడవడం చూస్తే ఉబ్బసం అనిపిస్తోంది. అయితే ఉత్తరం చదివి జబ్బు ఖాయం చేయడం సరికాదు. ఏడేళ్ల పాప గట్టిగా ఊదగలదు కాబట్టి స్పైరోమెట్రీ చేయించండి. మందు పీల్చకముందు ఒకసారి, పీల్చాక ఒకసారి ఊదిస్తే శ్వాసనాళాలు ఎంత బిగుసుకున్నాయో, మందుకు ఎంత విప్పుకున్నాయో తెలుస్తుంది. దగ్గు లేని రోజుల్లో ఈ పరీక్ష మామూలుగానే రావచ్చు. అందుకని దగ్గుతున్న రోజుల్లోనే వెళ్లండి. పాప బరువు తగ్గినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, తెమడలో రక్తపు చార కనిపించినా వేరే జబ్బుల కోసం వెతకాలి. అలాంటివేమైనా ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం మీ అత్తయ్యగారి ఒక్కరిదే కాదు, ఓపీలో తరచూ వినే మాటే. మందు లెక్క ఒకసారి చూడండి. మామూలుగా వాడే సాల్బుటమాల్ సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అది కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగితే అందులో కొంచెం ఊపిరితిత్తులకు చేరుతుంది. సిరప్ తాగిన పిల్లలకు గుండె దడ, చేతుల వణుకు వచ్చేది అందుకే. ఇన్‌హేలర్‌లో అదే మందు ఒక్క పఫ్‌కు 100 మైక్రోగ్రాములే. అంటే ఆ 5 మిల్లీలీటర్ల సిరప్‌లో ఉన్న మందు ఇరవై పఫ్‌లకు సరిపోతుంది. తక్కువ మందు, అదీ నేరుగా కావాల్సిన చోటికే వెళ్తుంది.

ఇది రిలీవర్, అంటే అప్పటికప్పుడు నాళాలను విప్పేది. నాళాల లోపలి వాపును తగ్గించేది కంట్రోలర్. అది పీల్చే స్టెరాయిడ్, పిల్లలకు ఎక్కువగా బుడెసొనైడ్ రాస్తారు. ఏళ్ల తరబడి వాడిన పిల్లల్లో పెద్దయ్యాక ఎత్తు సగటున సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చని పరిశోధనల్లో తేలింది. ఆ మాట తల్లిదండ్రులకు చెప్పాల్సిందే. మరోవైపు, అదుపులో లేని ఉబ్బసం నిద్రనూ చదువునూ ఎదుగుదలనూ దెబ్బతీస్తుంది, ఒక్కోసారి ప్రాణమే తీస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను ఇన్‌హేలర్ వాడమనే చెబుతాను. మీ డాక్టర్ రాసింది రిలీవరా, కంట్రోలరా, రెండూనా అన్నది అడిగి తెలుసుకోండి. ఇన్‌హేలర్‌ను స్పేసర్ (మందును కాసేపు పట్టి ఉంచి నిదానంగా పీల్చుకోనిచ్చే గొట్టం) పెట్టి ఇవ్వండి. కంట్రోలర్ పీల్చాక పాపతో నోరు పుక్కిలించి ఉమ్మించండి. ఉగాదికి దగ్గు తగ్గింది కదా అని మీ అంతట మీరే ఆపేయొద్దు. వచ్చే ఏడు దగ్గు మొదలయ్యేదాకా ఆగకుండా డిసెంబర్‌లోనే డాక్టర్‌ను కలవండి.

ఇక పొగ. పాప ఉబ్బసం ఆ పొగ వల్లే పుట్టిందని చెప్పలేను. ఉబ్బసం ఉంటే దాన్ని అలాంటి పొగ రెచ్చగొడుతుందని మాత్రం గట్టిగా చెప్పగలను. ఉత్త ఆకులే కదా, ప్లాస్టిక్ కాదు కదా అనుకునేవాళ్లు చాలామంది. మంచుకు తడిసిన ఆకు భగ్గున మండిపోదు, గంటల తరబడి రగులుతూ ఉంటుంది. అలా రగిలే మంటలోనే కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, పీఎం 2.5 నుసి ఎక్కువగా వస్తాయి. వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే ఆ నుసిని ముక్కు వడకట్టలేదు. పోగులో ఏ వైరు తొడుగో, పీవీసీ పైపు ముక్కో పడిందంటే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు లాంటి విషాలు కూడా తోడవుతాయి. పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి లోపలికి పోతుంది, దాంతోపాటు పొగా పోతుంది.

జనవరి, ఫిబ్రవరి తెల్లవారుజాముల్లో నేలనంటి ఉన్న గాలి చల్లగా, దాని మీది గాలి వెచ్చగా ఉంటుంది. గిన్నె మీద మూత పెట్టినట్టు పొగ పైకి లేవకుండా మొదటి, రెండో అంతస్తుల కిటికీల ఎత్తులోనే పరుచుకుంటుంది. పిల్లలు స్కూల్ బస్సు కోసం కిందికి దిగేదీ ఆ వేళకే. ఎండెక్కాక విడిపోతుంది. అందుకని మంటలున్న రోజుల్లో పొద్దున కిటికీలు మూసి ఉంచి, పది దాటాక బార్లా తెరవండి. బస్సు కోసం నిలబడేటప్పుడు పాప ముఖానికి సరిపడే ఎన్‌95 మాస్కు పెట్టండి. బట్ట మాస్కు ఈ నుసిని ఆపదు.

ఫోన్‌లో కనిపించే అంకెను చూసి మీరు అయోమయపడటం సహజమే. అది సిల్క్‌బోర్డ్‌లోనో హెబ్బాళలోనో ఉన్న కేంద్రం కొలిచింది, అదీ చాలావరకు 24 గంటల సగటు. మీ కిటికీ కింద గంటసేపు రగిలిన పోగు ఆ లెక్కలోకి రాదు. పైగా మన కొలమానంలో పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా ‘సంతృప్తికరం’ అనే చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటలకు పెట్టిన పరిమితి 15. ఉబ్బసం ఉన్న పాప విషయంలో యాప్ కంటే మీ ముక్కునే నమ్మండి. పొగ వాసన వస్తోందంటే అది పాపకు ఎక్కువే.

ఈ నగరంలో పిల్లల ఉబ్బసం కొత్తది కాదు. పిల్లల శ్వాసకోశ నిపుణులు డాక్టర్ హెచ్. పరమేశ్ ఇక్కడ ఆస్పత్రికి వచ్చిన 20 వేల మంది పిల్లలను పరిశీలించి, 1979లో 9 శాతంగా ఉన్న ఉబ్బసం 1999 నాటికి 29.5 శాతానికి చేరిందని నమోదు చేశారు. ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్క కాబట్టి ఊరంతటికీ అదే వర్తించదు. అయినా ఆ ఇరవై ఏళ్ల పెరుగుదల తేలిగ్గా తీసుకునేది కాదు. వాహనాల పొగ, ఆకుల మంట, కట్టడాల దుమ్ము, ఖాళీ సైట్లలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి, అన్నిటికీ ఇందులో పాలుంది. వాటిలో మీ వీధివాళ్లు కలిసి ఆపగలిగింది ఆకుల మంట.

బయటి మంట కంటే ముందు ఇంట్లో పొగ చూడాలి. మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను, దోమల కాయిల్ వెలిగిస్తారా? ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. తలుపులు బిగించుకున్న పడగ్గదిలో అది తెల్లవార్లూ కాలుతుంది. కాయిల్ మానేసి కిటికీలకు జాలీ కొట్టించండి, పాప మంచానికి దోమతెర కట్టండి. బెంగళూరులో డెంగీ ఉంది కాబట్టి దోమల్ని వదిలేయమని చెప్పడం లేదు. డెంగీ దోమ పగలే కుడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కుండీల కింది పళ్లాల్లో, బకెట్లలో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోసి రుద్ది కడిగితే కాయిల్ చేయలేని పని జరుగుతుంది.

శుక్రవారం తలంటి, తడి జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఎంత ఇష్టమైన పనో నాకు తెలుసు. మీ పాపకు మాత్రం అది వద్దు. మెత్తటి తువ్వాలుతో తుడిచి ఎండలో కూర్చోబెట్టండి. దీపం పెట్టుకోవచ్చు. అగరుబత్తులు వెలిగించాల్సి వస్తే పాప లేని గదిలో, కిటికీ తెరిచి వెలిగించండి. ఈ విషయంలో అత్తయ్యగారితో వాదనకు దిగకండి. మనవరాలి మీద ప్రేమతోనే ఆవిడ ఇన్‌హేలర్ వద్దన్నారు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్లండి. స్పేసర్ ఎలా పట్టాలో డాక్టర్ ఆవిడకే నేర్పితే రేపట్నుంచి ఆవిడే గుర్తుపెట్టుకుని ఇస్తారు.

ఇండోర్ మొక్కలు కంటికి హాయి. గాలి శుభ్రం చేయడానికి మాత్రం అవి చాలవు. మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాల మీద ఆ నమ్మకం పుట్టింది. మామూలు ఇంట్లో అంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, ఒక్కోచోట వందలు కావాలని 2019లో ఆ లెక్కలన్నీ మళ్లీ వేసి చూసినవాళ్లు చెప్పారు. ఉన్నవాటిని తీసేయక్కర్లేదు, కుండీ మట్టి ఎప్పుడూ తడిగా ఉండి బూజు పట్టకుండా చూస్తే చాలు. డబ్బు పెట్టగలిగితే పాప పడుకునే గదికి, ఆ గది కొలతకు తగిన, సన్నటి నుసిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కొనండి. ఓజోన్ విడుదల చేసేవి కొనొద్దు.

ఇప్పుడు పక్క సైటు సంగతి. అంటించేది ఎవరో ముందు కనుక్కోండి. చాలాచోట్ల వీధులూడ్చే పౌరకార్మికులో, వాచ్‌మన్‌లో అంటిస్తారు. ఊడ్చిన ఆకు ఎక్కడ వేయాలో చెప్పేవాళ్లు లేరు, బండి రోజూ ఎత్తదు, వీధి మాత్రం శుభ్రంగా కనిపించాలి. ఆ పొగ మీ పాప కంటే ముందు పీల్చేది వాళ్లే. బెంగళూరు పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లే. కాబట్టి వీడియో తీసి గ్రూపులో పెట్టే ముందు కిందికి దిగి, అక్కా అని పలకరించి, పాప దగ్గు సంగతి చెప్పండి. ఆకులు వేసుకోవడానికి ఒక చోటు చూపించండి. సైటు యజమానిని అడిగి ఓ మూల కోళ్లజాలీతో నాలుగడుగుల గూడు కట్టిస్తే ఒక వీధి ఆకు చాలా రోజులు పడుతుంది. కానుగ, రెయిన్ ట్రీ ఆకులు చిన్నవి కాబట్టి తొందరగానే చివుకుతాయి. కొంత ఆకును చెట్ల మొదళ్లలోనే పలచగా పరిస్తే ఎండాకాలం తేమ నిలుస్తుంది.

చోటు చూపించాక కూడా మంట ఆగకపోతే చట్టం ఉంది. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు నిషేధించాయి. అదే ఏడాది డిసెంబర్‌లో, బెంగళూరుకే చెందిన పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ వేసిన కేసులో జాతీయ హరిత ట్రైబ్యునల్ మామూలు మంటకు 5 వేలు, పెద్దఎత్తున తగలబెడితే 25 వేల రూపాయల జరిమానా అని ఆదేశించింది. తేదీ, సమయం కనిపించే ఫొటోలతో అపార్ట్‌మెంట్ సంఘం పేరు మీద నగర పాలికెకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జరిమానా అడగాల్సింది కాంట్రాక్టరు నుంచి, సైటు యజమాని నుంచి. చీపురు పట్టుకున్న మనిషి జీతంలోంచి కోయించడం నాకు న్యాయంగా తోచదు. మీ అపార్ట్‌మెంట్‌లో తడి చెత్త ఆకుపచ్చ బిన్‌లో, శానిటరీ చెత్త ఎర్ర బిన్‌లో, పొడి చెత్త సంచిలో వేరుగా వేస్తున్నారో లేదో కూడా చూడండి. 2015లో కర్ణాటక హైకోర్టు చెప్పిన పద్ధతి ఇదే. వేరు చేయని సంచులే చివరికి ఖాళీ సైటులో ఆకుల పోగు మీద పడతాయి.

కంపోస్ట్‌కు పాపను కాదనకండి. సరిగ్గా నడిచే కంపోస్ట్ దగ్గర దుర్వాసన రాదు. జాగ్రత్త పడాల్సింది బూజు రేణువులతో. ఎండిన కంపోస్ట్‌ను తిరగేసినప్పుడు, జల్లించినప్పుడు అవి లేస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం తెస్తాయి. అందుకని డబ్బా బాల్కనీలోనో టెర్రస్ మీదో పెట్టండి, పడగ్గది కిటికీకి దూరంగా. తిరగేసే పని పెద్దవాళ్లది, ముందు కాసిన్ని నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని చేయాలి. కూరగాయల తొక్కలు తెచ్చి వేయడం, పైన ఎండుటాకు కప్పడం పాప పని. ఆకు కింది గూడు నుంచే తెచ్చుకోవచ్చు. కంపోస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా దగ్గు వస్తోందంటే మాత్రం ఆ డబ్బా అపార్ట్‌మెంట్ కిందికి మార్చేయండి.

ఇల్లు ఇప్పుడే మారొద్దు. ఈ నగరంలో ఏ వీధికి వెళ్లినా ఫిబ్రవరిలో ఆకు రాలుతుంది, చాలాచోట్ల అంటిస్తారు కూడా. కంట్రోలర్ సరిగ్గా వాడుతూ, ఇంట్లో పొగ మానేసి, ఒక సీజన్ చూడండి. పాప దగ్గిన రాత్రులు, రిలీవర్ వాడిన రోజులు, పక్కన మంట పెట్టిన రోజులు క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. మంట పడిన రోజుల్లోనే దగ్గు పెరుగుతోందని అందులో తేలితే, అన్నీ చేసినా తగ్గకపోతే, అప్పుడు మారడం గురించి ఆలోచించవచ్చు. ఆ క్యాలెండర్ డాక్టర్‌కూ చూపించండి, మోతాదు నిర్ణయించడానికి పనికొస్తుంది.

పాప ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతున్నా, పెదవులు నీలంగా మారినా, రిలీవర్ ఇచ్చినా తేరుకోకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, డాక్టర్ చెప్పిన లెక్కన స్పేసర్‌తో రిలీవర్ ఇస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.