పుంతలో ముసలమ్మ తల్లి చోటు కాపాడుకోవాలంటే

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పేపరు కటింగు, ఫోటోలు చూశాను. బైపాస్ లైను మన చెరువుగట్టు మీదుగా వస్తోందని, మన బండ్ల పుంతలో గ్రామదేవత ముసలమ్మ తల్లి రావిచెట్టు పోయేలా ఉందని, వార్డు మెంబరుగా ఏం చెయ్యాలో తోచడం లేదని రాశావు. ఉద్యోగమంతా సర్వే గొలుసు పట్టుకుని రోడ్లకూ కాలువలకూ కొలతలు వేసినవాణ్ణి. ఆఫీసు లోపల ఈ పని ఎలా నడుస్తుందో తెలుసు కాబట్టి తెలిసినంతా రాస్తున్నాను. ఉత్తరం తాపీగా చదువుకో, కానీ మొదటి పని మాత్రం రేపే చెయ్యి.

మొదటి పని తేదీ చూడటం. అది జాతీయ రహదారి అయితే 1956 నాటి చట్టం కింద 3ఏ ప్రకటన, అంటే ఫలానా భూములు తీసుకోబోతున్నాం అనే ప్రకటన వస్తుంది. గెజిట్‌లో వేస్తారు, రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి తెలుగుది అయి ఉండాలి. ప్రకటన వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఆ గడువు దాటాక ఎంతమంది టెంటు వేసుకుని కూర్చున్నా ఫైల్లో అది అభ్యంతరం కింద లెక్కకు రాదు. తర్వాత 3డీ ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్రానిదైపోయినట్టే, ఇక మాట్లాడేది పరిహారం గురించే. గ్యాసు పైపులైనుకు వేరే చట్టం ఉంది, 1962 నాటిది, దానికీ 21 రోజులే. రాష్ట్రం 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే 60 రోజులు దొరుకుతాయి. అందుకే ఏ చట్టం కింద వచ్చిందో ముందు చూసుకో. టెన్షన్ పడి ఎమ్మెల్యేగారింటికి పరిగెత్తకు. ఆయన దగ్గరికీ వెళ్లాలి, కానీ అభ్యంతరం ఇచ్చిన రసీదు చేతిలో పట్టుకుని వెళ్లాలి.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ప్రకటనలో మన పుంత నంబరు కనపడలేదని నువ్వు కాస్త ధైర్యంగా రాశావు. అది ధైర్యపడాల్సిన సంగతి కాదమ్మా. సేకరణ నోటీసు ముఖ్యంగా పట్టా భూములకు. సర్కారు పోరంబోకును కొనక్కర్లేదు, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు బదలాయిస్తే సరిపోతుంది. కాబట్టి తల్లి ఉన్న నంబరు జాబితాలో లేకపోవచ్చు. దానికి అటూ ఇటూ ఉన్న పట్టా నంబర్లు ఉన్నాయంటే మధ్యలోది పోతున్నట్టే. గ్రామ పటం ముందు పెట్టుకుని, జాబితాలోని నంబర్లన్నీ పెన్సిలుతో గీసి చూడు. లైను తానే బయటపడుతుంది. రీసర్వే అయిన ఊళ్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (భూ కమతాల పటం) నంబర్లు వచ్చాయి కదా, రెండూ పక్కపక్కన రాసుకో. పాత కాగితంలో పుంత అని ఉన్నది కొత్త కాగితంలో ఏమని ఎక్కిందో కూడా చూడు.

పుంత విషయంలో పంచాయతీకి ఒక బలం ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను ప్రకారం బండ్ల బాటలు, తోపులు, కళ్లాలు, పశువుల మందబయళ్లు, శ్మశానాలు వంటి పోరంబోకులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. మన పుంత బండ్ల బాటే. అంటే అది యజమాని లేని భూమి కాదు, నువ్వు మెంబరుగా ఉన్న పంచాయతీదే. గ్రామసభ పెట్టి, తీర్మానం రాసి, నంబరూ విస్తీర్ణమూ వేసి, అభ్యంతరానికి జత చెయ్యి. వట్టి సంతకాల మహజరు కంటే దానికి విలువ ఎక్కువ.

తర్వాత పని చాలా ముఖ్యం, దీనికే ఎక్కువ టైము పెట్టు. ఇంజినీరు పటంలో మన తల్లి ఒక చుక్క, లేదంటే చెట్టు గుర్తు. ఆ చుక్కను తప్పించి, గట్టు తవ్వి, మట్టి పోసి, గుడి జోలికి రాలేదు కదా అంటారు. తల్లి చోటు ఆ చుక్క ఒక్కటే కాదు. జాతరనాడు గరగలు, అదే అమ్మవారి పేర తల మీద ఎత్తుకునే కలశాలు, ఎక్కడ మొదలై ఎటు తిరిగి వస్తాయి? ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి నైవేద్యం వండుకునే జాగా ఏది? బిందెలతో నీళ్లు తెచ్చే రేవు ఏది? నాగుల చవితికి పాలు పోసే పుట్ట చెట్టుకు ఎంత దూరంలో ఉంది? రావిచెట్టు వేళ్లు కొమ్మల నీడ దాటి పోతాయి, మీద తారు వేసి కప్పేస్తే కొట్టకుండానే ఎండిపోతుంది. ఇవన్నీ కలిపి ఒక్క గీతలో చుట్టాలి. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తీసుకుని, కుర్రాళ్లను వెంటేసుకుని, టేపు పట్టి కొలవండి. చెట్టు చుట్టుకొలత ఛాతీ ఎత్తులో తీసుకోండి. ఫోన్లో ఫోటో తీసేటప్పుడు అక్షాంశ రేఖాంశాలు, తేదీ పడేలా తియ్యండి. పొయ్యిల జాగా, పుట్ట, రేవు, గరగల దారి అన్నీ ఆ పటం మీద వెయ్యండి. కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చిన్నప్పుడు నా భుజాల మీద వచ్చావు. అక్కడ గుడి ఉందా? కొబ్బరితోట. కనుమ నాడు పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, అలంకరించిన ప్రభల మీద ఆ తోటకే వస్తారు, వరిచేలు తొక్కుకుంటూ, కొందరైతే కౌశిక నదిలో దిగి మరీ వస్తారు. ఏ చేను గట్టున ప్రభ ఎటు తిరగాలో ఆ ఊళ్ల వాళ్లకు తెలుసు. ఆ తోటనూ దారినీ వదిలేసి ఎక్కడ ఏ మండపం కట్టినా అది తీర్థం కాదు. మన ముసలమ్మ సంగతీ అంతే, చోటే దేవత.

అభ్యంతరం రాసేటప్పుడు "మా మనోభావాలు దెబ్బతింటాయి" అని నాలుగు పేజీలు నింపకు. ప్రతి ఊరూ అదే రాస్తుంది, చదివేవాడికి కొత్తగా ఏమీ అందదు. ఫలానా నంబరులో, ఇంత విస్తీర్ణంలో, ఇన్ని కులాల వాళ్లు, ఏడాదిలో ఫలానా రోజుల్లో, ఇలా వాడుకుంటున్నారు అని రాయి. చెరువు వల్ల ఎన్ని ఎకరాల మురుగు దిగుతుందో, వేసవిలో గేదెలకు నీళ్లు ఎక్కడివో రాయి. చివర్లో రోడ్డు వద్దనడం లేదని, ఫలానా చోట లైను జరపమని అడుగుతున్నామని స్పష్టంగా రాయి. ఇంకేయే అలైన్‌మెంట్లు పరిశీలించారు, వాటిని ఎందుకు వద్దనుకున్నారు అని సమాచార హక్కు కింద దరఖాస్తు కూడా పెట్టు. కానీ ఆ జవాబుకు 30 రోజుల గడువుంది, నీ అభ్యంతరానికి 21 రోజులే. కాబట్టి జవాబు కోసం ఆగకుండా అభ్యంతరం ముందు ఇచ్చెయ్యి.

లైను జరపమనడం తేలిక, దాని వెనక ఉన్నది కష్టం. పెద్ద రోడ్డు ఉన్నపళాన వంగదు. చెట్టు దగ్గర నాలుగు గజాలు తప్పించాలన్నా చాలా ముందు నుంచి వంపు తీసుకురావాలి. అంటే ఇప్పటిదాకా నిబ్బరంగా ఉన్న ఇంకెవరిదో కొబ్బరితోట పోతుంది. వాళ్లెవరో పటంలో చూసి, అర్జీ పెట్టకముందే వాళ్ల గుమ్మం ఎక్కు. చెప్పకుండా చేస్తే ఊరు రెండుగా చీలుతుంది, చీలిన ఊరి అర్జీని ఏ అధికారీ పట్టించుకోడు. దీనికి తిరగేసిన రకం కూడా ఉంటుంది. తన తోట తప్పించుకోవడానికి అమ్మవారిని అడ్డం పెట్టుకునేవాళ్లు ముందు వరసలో వచ్చి నిలబడతారు, ఖర్చులు కూడా పెట్టుకుంటామంటారు. వాళ్ల డబ్బు ముట్టుకోవద్దు, మైకు వాళ్ల చేతికివ్వవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మాట్లాడేవాళ్లెవరు అన్నది నువ్వే తేల్చాలి. తల్లికి తొలి గరగ ఎత్తేది ఎవరు, డప్పు ఎవరిది, పూజారి కుటుంబం ఏది? కమిటీ ప్రెసిడెంటుగారి సంతకం ఒక్కదానితో ఊరు ఒప్పుకున్నట్టు రాసుకోనివ్వకు. పేట వాళ్లు, చాకలి వాళ్లు, చెరువులో చేపలు పట్టుకునేవాళ్లు, మొక్కు చెల్లించే సాయిబుల ఇళ్లవాళ్లు అందరూ గ్రామసభలో ఉండాలి, వాళ్ల మాట వాళ్ల నోటే రావాలి. ఏ పార్టీ కండువా ఆ చెట్టు కింద కనపడకూడదు. ఇవాళ ఒక కండువా కప్పుకుంటే రేపు ప్రభుత్వం మారినప్పుడు మన అర్జీ ఆ పార్టీ అర్జీ అయి కూర్చుంటుంది.

"కొత్త గుడి కట్టిస్తాం, గ్రానైటు వేయిస్తాం" అనే మాట తప్పకుండా వస్తుంది. విని, ఇంటికొచ్చి ఆలోచిస్తామని చెప్పు. విగ్రహానికైతే శాస్త్రం ఉంది, కళాకర్షణ చేసి, అంటే దైవకళను కలశంలోకి తీసుకుని, కదుపుతారు. శ్రీశైలం రిజర్వాయరు ముంపులో పోయే కూడలి సంగమేశ్వరం గుడిని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు, గొప్ప పనితనం. అయితే కృష్ణా తుంగభద్రలు కలిసే చోటు మాత్రం అక్కడే ఉండిపోయింది. చెరువు, పుట్ట, సంగమం ఇలాంటివి కదిలేవి కావు. చెట్టును కదపవచ్చు, రావి, మర్రి తట్టుకుంటాయి కూడా. కానీ ముందే కొమ్మలు తీసి, వేళ్ల చుట్టూ తవ్వి, మట్టి ముద్దతో సహా ఎత్తి, తర్వాత నీళ్లు పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. మండు వేసవిలో పొక్లెయినుతో పెకలించి ఇంకోచోట పాతడాన్ని తరలింపు అనరు. ఆఖరికి అదొక్కటే దారి అయితే, ఈ పద్ధతంతా ఒప్పందంలో రాయించు.

ఒడిశా నియమగిరి కొండల్లో గెలిచారు కదా, మనకెందుకు కాదు అని అడిగావు. ఆ కేసులో 2013 ఏప్రిల్ 18న అక్కడివాళ్ల మత, సాంస్కృతిక హక్కుల సంగతి తేల్చడాన్ని సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. 12 గ్రామసభలూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. ఆ డోంగ్రియా కోందు గిరిజనుల చేతిలో అటవీ హక్కుల చట్టం ఉంది. మన డెల్టా ఊరిది అడవి భూమి కాదు, మనకు ఆ ఆయుధం లేదు. 2024 డిసెంబరులో రాజస్థాన్ దేవతా వనాలను సర్వే చేసి అడవులుగా నోటిఫై చెయ్యమని సుప్రీంకోర్టు చెప్పింది, దేశమంతటికీ ఒక విధానం తెమ్మని కేంద్రానికి సూచించింది. అర్జీలో దాన్ని ప్రస్తావించు, అంతవరకే. మన బలం కాగితం, గడువు, ఊరి ఐకమత్యం.

ఒక మాట మనసులో పెట్టుకో. కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేయించబట్టి మన చేలు పండాయి, ఊరూరా ఆయన విగ్రహానికి దండలు వేస్తాం. ప్రాజెక్టు అంటేనే చెడ్డదని మన నోట రాకూడదు. పోలవరం నీళ్లు కావాలని అడిగినవాళ్లలో మనమూ ఉన్నాం. దానికోసం ఎగువన 370కి పైగా ఆవాసాలు ముంపులోకి వెళుతున్నాయి. పాపికొండల దారిలో గండి పోశమ్మ గుడి వరద వస్తే నీళ్లలో ఉంటోంది. ఆ కొండరెడ్ల పుంతలూ చెట్లూ ఎవరు రాసుకున్నారు? మన చెట్టు కోసం మాట్లాడేటప్పుడు వాళ్ల మాట కూడా ఎత్తు. అది న్యాయం.

పర్యావరణ అనుమతి కావలసిన పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, ఈ రోడ్డుకు ఉంటుందో లేదో కనుక్కో. ఉంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నువ్వు చివరిదాకా కూర్చో. జనం భోజనాలకు లేచిపోయినా సరే, ఆఖర్న నమోదైన అభిప్రాయాలను తెలుగులో చదివి వినిపించాలి, అది పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. మన మాట అందులో లేకపోతే అక్కడికక్కడే రాయించు.

రోడ్డు గొడవ తేలేలోపు మన కమిటీ వాళ్లు పుష్కరాల పేరు చెప్పి చెట్టు మొదలు చుట్టూ సిమెంటు అరుగు, టైల్సు వేస్తామంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆపించు. వేళ్లకు గాలీ నీరూ ఆడక చెట్టు నీరసపడితే, ఎండిపోయే చెట్టే కదా అని అవతలివాళ్లే రాస్తారు. చెరువులో మెట్ల రేవు కట్టాలంటే ఒక పక్కనే కట్టమను, మిగతా గట్టు మట్టిగానే ఉండనీ.

ఎఫ్‌ఎంబీ నకలు రాగానే ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. కాగితం మడతలు లేకుండా పరిచి, స్కేలు గీత కనపడేలా పై నుంచి తియ్యి. ప్రకటన ఉన్న పేపరు తేదీతో సహా పంపు. అభ్యంతరం చిత్తు రాసి నాకు చూపించాకే మీ సర్పంచి గారి చేత సంతకం పెట్టించు.

ఆశీస్సులతో,
మీ మావయ్య